సున్నపురాయిలోంచి చేప ఎముకలు తీయడానికి ఎసిటిక్ యాసిడ్ ఎంత గాఢత?

శిలాజం: గట్టి సున్నపురాయి పలక, అంచున చేప వెన్నుపూసలు బయటికి కనిపిస్తున్నాయి. సూదితో గీరితే ఎముక పెళుసుగా రాలుతోంది. యాసిడ్ పద్ధతి వివరంగా చెప్పగలరా?

— జవాబు
ముందు రాతి మూలన ఒక యాసిడ్ చుక్క వేసి చూడండి. బుడగలు రాకపోతే ఈ పద్ధతి పనికిరాదు. హైడ్రోక్లోరిక్ జోలికి పోవద్దు, ఎముకలోని ఫాస్ఫేట్‌నూ తినేస్తుంది. గాఢత సుమారు 5 శాతం: 950 మి.లీ. నీళ్లలో 50 మి.లీ. గ్లేషియల్ (నీరు దాదాపు లేని, గాఢమైన) ఎసిటిక్ యాసిడ్ పోయండి (యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, గాలి ఆడే చోట, గ్లౌజులు, కళ్లద్దాలతో). లీటరుకు 1 గ్రాము కాల్షియం ఫాస్ఫేట్ కలిపితే ఎముక మీద దాడి తగ్గుతుంది. రాయి ముంచేముందు బయటపడ్డ ఎముకకు పారలాయిడ్ బీ-72 (ఎముకను గట్టిపరిచే యాక్రిలిక్ రెజిన్) పూయండి: 100 మి.లీ. అసిటోన్‌లో 5 గ్రాములు, గాజు సీసాలో. పారలాయిడ్ గింజల్ని పల్చటి గుడ్డలో కట్టి వేలాడదీస్తే అడుగున ముద్దకట్టవు.

— జవాబు
అసలు చేటు కడగడంలోనే జరుగుతుంది. యాసిడ్‌లో ఒక రోజు ఉంచితే తరచూ మార్చే నీళ్లలో కనీసం రెండు మూడు రోజులు ఉంచాలి. తొందరపడి ఆరబెడితే రంధ్రాల్లో మిగిలిన కాల్షియం ఎసిటేట్ స్ఫటికాలుగా పెరిగి ఎముకను లోపలినుంచి చీల్చేస్తుంది. పూర్తిగా ఆరాకే మళ్లీ పూత. తడి మీద పూస్తే తెల్లగా పొర కడుతుంది, లోపలికి ఇంకదు.

— జవాబు
అదే పలకలో గవ్వలుంటే ఆగండి. అవీ కాల్షియం కార్బొనేటే, రాయితోపాటు కరిగిపోతాయి. అక్కడ సూదే గతి, భూతద్దం కింద.