అప్‌డేట్: రేణువుల గొడవ తేలింది, తప్పు ఫిల్మ్‌ది కాదు

చెన్నై కాశిమేడు చేపల హార్బర్‌లో తీసిన హెచ్‌పీ5 ప్లస్ (బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్) రీలు ఇసుక చల్లినట్టు రేణువులతో వచ్చిందని, వలల మీద వెలుగు తెల్లగా మూసుకుపోయిందని పోయిన నెల అడిగాను. అప్పుడు రొడినాల్ అనే డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే ద్రావణం) 1+25లో, అంటే ఒక పాలుకు 25 పాళ్లు కుళాయి నీళ్లు కలిపి, డెవలప్ చేశాను. చెన్నై ఎండల్లో ఆ నీళ్లు 30 డిగ్రీలు. సమయం మాత్రం 20 డిగ్రీలకు చెప్పినదే, 6 నిమిషాలు! అంటే బాగా ఎక్కువ డెవలప్ అయింది.

మీలో ఒకరు చెప్పినట్టే ఈసారి అదే చోట, అదే పొద్దుటి వెలుగులో రెండు రీళ్లు తీశాను. బకెట్లో ఐస్ వేసి రెండిటికీ 20 డిగ్రీలు నిలబెట్టాను. ఒకటి డి-76 అనే ఇంకో డెవలపర్ 1+1లో 11 నిమిషాలు, రెండోది రొడినాల్ 1+50లో 11 నిమిషాలు.

తేడా చూసి చాలా సంతోషమేసింది. నీళ్లు కలపని డి-76లో లీటరుకు 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. అది ఫిల్మ్‌లో బొమ్మనిచ్చే వెండి రేణువుల అంచులను కొద్దిగా కరిగిస్తుంది, అందుకే గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రేణువులు) మెత్తబడుతుంది. 1+1 చేస్తే సల్ఫైట్ సగమై పదును కొంత తిరిగి వస్తుంది. చేపలమ్మే అవ్వ ముఖంలో ముడతల మధ్య నీడలు కూడా కనిపిస్తున్నాయి.

రొడినాల్‌ది వేరే దారి. రేణువును కరిగించదు, దాచదు. తాళ్లు, పడవ చెక్కల పగుళ్లు గీసినట్టు వచ్చాయి. ఆకాశం మాత్రం గరుకుగానే ఉంది.

ముఖాలకు ఇక డి-76. పడవలకు రొడినాలే వాడతాను, థర్మామీటర్ పెట్టుకుని. సలహా ఇచ్చిన అందరికీ నమస్కారాలు.