అప్‌డేట్: నా రిఫ్రాక్టోమీటర్‌లో 35, షాపు మీటర్‌లో 33. కారణం దొరికింది

సలహాలు ఇచ్చిన అందరికీ థాంక్సండీ. మెరైన్ ట్యాంకు (సముద్రపు చేపల అక్వేరియం) కోసం కలిపిన ఉప్పునీళ్లు నా రిఫ్రాక్టోమీటర్‌లో (నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం) 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు), షాపు మీటర్‌లో 33 ఎందుకు చూపిస్తున్నాయని అడిగాను కదా. తేడా నా రిఫ్రాక్టోమీటర్‌దే. ఉప్పు లేని ఆర్వో నీళ్లు వేస్తే గీత సరిగ్గా సున్నా మీదే ఉండేది, అందుకే దానిమీద అనుమానం రాలేదు. ఇక్కడ ఒకరు చెప్పినట్టు 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం (మీటర్‌ని సరిచూసుకోడానికి వాడే, ఉప్పు ఎంతో ముందే తెలిసిన నీళ్లు) రెండు చుక్కలు వేసి, మూత కింద బుడగలు లేకుండా చూసుకుని, కాసేపు ఆగి చూస్తే నీలం అంచు 37 దగ్గర ఉంది! పైనున్న చిన్న స్క్రూ తిప్పి 35కి తెచ్చాను. ఇప్పుడు రెండు మీటర్లూ ఒకటే చెబుతున్నాయి.

అంటే ట్యాంకులో నిజానికి ఉన్నది 33 పీపీటీయే, అయినా ఉప్పు ఒక్కసారిగా పెంచలేదు. ఆవిరైనంత మేరకు ఆర్వోకి బదులు 35 పీపీటీ నీళ్లు పోస్తూ వచ్చి, 35కి చేరాక మళ్లీ ఆర్వోకి మారాను. ఉప్పు బ్రాండుకీ, హీటరుకీ మీటర్ల తేడాతో సంబంధమే లేదు.