మెగ్నీషియం కాల్చాక బరువు ఎందుకు తక్కువ వస్తోంది?

డిగ్రీ ఫస్టియర్:
క్రూసిబుల్‌లో 0.30 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్ వేసి కాల్చాను. లెక్క ప్రకారం 0.50 గ్రాముల ఆక్సైడ్ రావాలి, తూస్తే 0.47 వచ్చింది. రిబ్బన్‌ని శాండ్‌పేపర్‌తో బాగానే రుద్దాను, మూత కూడా మధ్యమధ్యలో కొంచెమే ఎత్తాను. ఈ వారమే రికార్డు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఆ 0.03 ఎక్కడికి పోయినట్టు?

వెన్నెల కెమ్:
తెల్ల పొగలో పోయింది. మూత ఎత్తినప్పుడల్లా బయటికొచ్చేది ఆక్సైడే. రికార్డులో అదే రాసెయ్.

ల్యాబ్ మాస్టారు:
పొగ కాదనను. కానీ చూడకుండా రాయడమెందుకమ్మా? గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా ఎవరి జోలికీ పోదు. అంత వేడిలో మెగ్నీషియం దాన్ని కూడా వదలదు, నైట్రైడ్ చేసేస్తుంది. మూత దించి ఉంచితే లోపలి ఆక్సిజన్ ముందే అయిపోతుంది కాబట్టి ఆ గొడవ ఇంకా ఎక్కువ. నీ 0.30 గ్రాములూ నైట్రైడే అయితే బరువు 0.415 దగ్గరే ఆగేది. కొంత భాగం అలా మారినా 0.47 రావచ్చు.

క్రూసిబుల్ పూర్తిగా చల్లారాక కొన్ని చుక్కల నీళ్లు వెయ్యి. తడి ఎర్ర లిట్మస్ పైన పట్టుకో. నీలమైతే అది అమ్మోనియా, అంటే నైట్రైడ్ ఉన్నట్టే. నీళ్లతో అది హైడ్రాక్సైడ్ అవుతుంది. మళ్లీ గట్టిగా కాలిస్తే ఆక్సైడ్ మిగులుతుంది, అప్పుడు తూచు.

చల్లారాకే అని ఊరికే అనడం లేదు. కాలని లోహం ఇంకా బాగా వేడిగా ఉంటే, నీటి ఆవిరిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుని హైడ్రోజన్‌ని వదులుతుంది. అదే లోహం చన్నీళ్లలో వేస్తే దాదాపు కదలదు. పైన పట్టే హైడ్రాక్సైడ్ పొర నీళ్లలో సరిగా కరగదు మరి.

డిగ్రీ ఫస్టియర్:
లిట్మస్ నీలమైంది సార్! మళ్లీ కాల్చి తూస్తే 0.49. గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ పంపితే నైట్రోజన్ బాధే ఉండదు కదా?

ల్యాబ్ మాస్టారు:
ఉండదు, నల్ల మసి వస్తుంది. మంటలార్పే వాయువని పేరేగానీ మెగ్నీషియం ముందు దాని ఆటలు సాగవు. ఆక్సిజన్‌ని లాక్కుని కార్బన్‌ని వదిలేస్తుంది, ఆ కార్బన్ బరువూ నీ లెక్కలో పడుతుంది. గాలిలోనే కాల్చు.

మిగిలిన 0.01ని పొగ ఖాతాలో వేసే ముందు చిటికెడు పొడిని డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేసి చూడు. ఆక్సైడ్ బుడగలు లేకుండా మెల్లగా కరుగుతుంది. బుడగలొస్తే హైడ్రోజన్, లోహం ఇంకా మిగిలే ఉందన్నమాట. నైట్రిక్ మాత్రం వాడకు. బాగా పలచనిదైతే తప్ప హైడ్రోజన్‌ని దక్కనివ్వదు, నైట్రోజన్ ఆక్సైడ్లు వచ్చి నిన్ను ఇంకా అయోమయంలో పడేస్తాయి.