మేడారం బంగారం తినొచ్చా? కృప కింద ఉన్నవాళ్లకు అపొస్తలుల కార్యములు 15 వర్తిస్తుందా?

అందరికీ వందనాలు. మాది హన్మకొండ. మేడారం జాతర అయ్యాక పక్కింటివాళ్లు ప్రేమగా బంగారం (బెల్లమే, సమ్మక్క సారలమ్మలకు మొక్కుగా ఇచ్చేది) తెచ్చిస్తారు. మా అమ్మ తీసుకుంటుంది కానీ తినదు, మమ్మల్నీ తిననివ్వదు. మా తమ్ముడేమో బైబిల్లో రోమా 6:14 చూపించి, మనం మోషే ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాం, ఏం కాదంటాడు.

నా చిక్కు వేరే. లేవీయకాండం 11లోని పంది మాంసం నిషేధం మనకు లేదంటే ఒప్పుకుంటాను. కానీ అపొస్తలుల కార్యములు 15 మోషే కాలంది కాదు కదా. రక్షణ కృప వల్లే అని పేతురు అక్కడే గట్టిగా చెప్పాడు. అదే సభ (యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూడింది) అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులకు విగ్రహార్పితాలు (విగ్రహాలకు అర్పించినవి), రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం వద్దని రాసి పంపింది. అంటే నల్ల కూర (మేక రక్తంతో వండేది) కూడా వద్దనేగా! దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అది అందరికీ ఇష్టం మరి.

పౌలేమో 1 కొరింథీ 10లో అంగడిలో అమ్మేది అడగకుండా తినమంటాడు, అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాని కోసం మానమంటాడు. ప్రకటన 2లో విగ్రహార్పితాలు తినడం మీద మళ్లీ గద్దింపే.

ఆ నాలుగూ అప్పటి యూదుల మనసు నొచ్చుకోకుండా పెట్టినవా, ఎప్పటికీ ఉండే ఆజ్ఞలా? అప్పటివి మాత్రమే అయితే జారత్వాన్ని ఆ వరుసలోంచి ఎలా విడదీస్తారు? పక్కింటివాళ్లను నొప్పించకుండా మీరేం చేస్తున్నారో కూడా చెప్పండి. వచనాలతో జవాబిస్తే మేలు, తిట్లు వద్దు.