ఒకినావాలో కారు తీసుకోవాలా, బస్సులతో సరిపెట్టుకోవచ్చా?

తెనాలి_టు_టోక్యో:
ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి అమ్మానాన్నలని తీసుకుని టోక్యో నుంచి జపాన్ దక్షిణ కొసనున్న ఒకినావా ద్వీపానికి వెళ్తున్నాం. శనివారం పొద్దున అక్కడి ముఖ్య నగరం నాహాలో దిగుతాం, సోమవారం రాత్రికి వెనక్కి. శురి కోట, చురౌమి అక్వేరియం, కౌరి వంతెన, దక్షిణాన శాంతి స్మారక ఉద్యానం, వీలైతే పడవెక్కి తిమింగలాలు చూడాలని ఉంది. మా ఆవిడ కారొద్దు అంటోంది, నేనేమో కారు లేకపోతే అంత డబ్బు పెట్టి వెళ్లడమే వేస్ట్ అంటున్నా. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మ శాకాహారం. ఇంట్లో పంచాయితీ తెగట్లేదు, వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

గోదారి_గట్టు:
కారే, ఇంకో మాట లేదు. ద్వీపం పొడవు వంద కిలోమీటర్ల పైమాటే, పట్టాల మీద నడిచేది మోనోరైల్ ఒక్కటే, అదీ ఎయిర్‌పోర్టులో బయల్దేరి శురి దాటి ఉరాసోయెలో ఆగిపోతుంది. మీ అక్వేరియం ఉన్న మోతోబు ఎక్కడో ఉత్తరాన, ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లినా రెండు గంటలు. పైగా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. (రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి అమెరికా పాలన నాటి నుంచి కుడివైపు నడిచేవి, 1978 జులై 30న రాత్రికి రాత్రి ఎడమకి మార్చారు.)

నిషికసాయి_నివాసి:
అన్నా, ముందు ఏ లైసెన్సో అడగాలి కదా. ఇండియాలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ జపాన్‌లో దిగిన రోజు నుంచి ఒక్క ఏడాదే చెల్లుతుంది. సంక్రాంతికి ఇంటికెళ్లి కొత్తది తెచ్చేసుకుందాం అనుకుంటారు చాలామంది, కానీ ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్నవాళ్లు బయటకెళ్లి మూడు నెలల లోపు తిరిగొస్తే ఆ ఏడాది లెక్క మళ్లీ మొదలవ్వదు. అంటే కొత్త పర్మిట్ చేతిలో ఉన్నా బండి నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే.

తెనాలి_టు_టోక్యో:
జపాన్ లైసెన్సుకి మార్పించుకున్నానండీ, ఆ టెన్షన్ లేదు.

ఉప్పుగాలి:
నేను మీ ఆవిడ పార్టీ. కారు కంటే ముందు మీ లిస్టు తగ్గించాలి. కారుంది కదా అని ఒకే రోజు ఉత్తరం, దక్షిణం రెండూ పెట్టేస్తారు, చివరికి పెద్దవాళ్లు చూసేది 58వ నంబర్ హైవే, ముందు బండి వెనక లైట్లు. నాహాలో ట్రాఫిక్ మామూలుగా ఉండదు, ఆఫీసు వేళల్లో కొన్ని రోడ్లలో బస్సులకి కేటాయించిన లేన్లోకి మన కారు పోకూడదు, వాన పడితే రోడ్లు జారతాయి. 117 నంబర్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా అక్వేరియం దాకా వెళ్తుంది, ఎక్కి కూర్చుంటే చాలు. శురికి మోనోరైల్. తిమింగలాల పడవలు నాహా నుంచే బయల్దేరతాయి. మరి కారు దేనికి?

గోదారి_గట్టు:
దేనికా? మోకాళ్ల నొప్పులాయన ఫిబ్రవరి గాలిలో బస్‌స్టాప్‌లో నిలబడకుండా ఉండటానికి! కౌరి వంతెన దాదాపు రెండు కిలోమీటర్లు, రెండువైపులా పచ్చనీలం నీళ్లు, దాన్ని దాటడమే అసలు మజా. అక్కడికి బస్సులు తక్కువ. నడవలేని మనిషి ఉన్నప్పుడు బస్సు నంబర్లు చెప్పి ఏం లాభం?

కాకరకాయ_వేపుడు:
తిండి గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఒకినావా సోబా (అక్కడి నూడుల్స్) పులుసు పంది ఎముకలతో, ఎండు చేపతో కాస్తారు, పైన ముక్కలు తీసేసినా అమ్మగారు తినలేరు. గోయా అంటే మన కాకరకాయే, కానీ అక్కడ దాని వేపుడులోనూ గుడ్డు, పంది మాంసం పడతాయి. వంటిల్లున్న గది తీసుకుని పొద్దున్నే పులిహోర కలుపుకోండి. నా ఓటు కారుకే, టిఫిన్ డబ్బాలు మోసుకుంటూ బస్సులు మారలేం.

రెండో_ఆట:
దక్షిణం తీసేయండి, సరిపోతుంది. హాలిడేకి వెళ్లి యుద్ధ స్మారకాలేంటి బాస్.

ఉప్పుగాలి:
తీసేయాలంటే వంతెన తీసేయండి, దక్షిణం మాత్రం వద్దు. 1945లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ దీవి మీద జరిగిన యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు ఆ శాంతి ఉద్యానం ఉన్న మాబునిలో నల్లరాతి పలకల మీద చెక్కారు, 2.4 లక్షలకి పైగా. స్థానికులు, జపాన్ సైనికులు, అమెరికన్లు, కొరియన్లు, అందరివీ కలిపి. దగ్గర్లోనే హిమెయురి మ్యూజియం, నర్సుల పనికి యుద్ధంలోకి తీసుకెళ్లిన హైస్కూలు ఆడపిల్లలది. అవి చూడకపోతే ద్వీపం మధ్యలో ఆ అమెరికా స్థావరాల కంచెలు ఎందుకున్నాయో మీ నాన్నగారికి ఏం చెప్తారు? శురి కోట ప్రధాన భవనం కూడా అప్పుడు నేలమట్టమైందే, 1992లో మళ్లీ కట్టింది కాస్తా 2019 అక్టోబర్ 31న కాలిపోయింది.

రెండో_ఆట:
సరే ఒప్పుకుంటా. కానీ దక్షిణానికి బస్సంటే నాహాలో 89 ఎక్కి, ఇతోమాన్‌లో దిగి, 82 పట్టుకోవాలి. అంటే మీరే కారుకి ఓటేస్తున్నారు.

ఉప్పుగాలి:
ఆ ఒక్క రోజుకి టాక్సీ మాట్లాడుకోవచ్చు. నలుగురు పెద్దవాళ్లకి లెక్కేసి చూడండి.

తెనాలి_టు_టోక్యో:
ఇంట్లో చదివి వినిపించా. శనివారం శురి వరకే, మోనోరైల్లో. ఆదివారం, సోమవారం కారు, ఒక రోజు ఉత్తరం, ఇంకో రోజు దక్షిణం. పడవ మానేశాం, చలికాలం అలలకి అమ్మ తట్టుకోలేదు. మా ఆవిడ ఒప్పుకుంది గానీ నాహా ఊళ్లో తనే నడుపుతానంటోంది, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదట.

నిషికసాయి_నివాసి:
అయితే బుక్ చేసేటప్పుడే రెండో డ్రైవర్‌గా ఆవిడ పేరు రాయించండి. లేకపోతే ఏదైనా తగిలినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించదు.

గోదారి_గట్టు:
ఈటీసీ కార్డు (మన ఫాస్టాగ్ లాంటిది) కూడా అడిగి తీసుకోండి, టోల్ గేటు దగ్గర నాన్నగారి చేత చిల్లర ఏరించకండి.