ఐ5 మూడో తరం డెస్క్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కించవచ్చా?

పాతడబ్బా:

అందరికీ నమస్కారం. నాది 2012 నాటి డెస్క్‌టాప్. ఐ5-3470 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ (ఒకటే స్టిక్కు), 500 జీబీ హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కొన్నప్పుడు విండోస్ 7 ఉండేది, దాని మీదే విండోస్ 10 ఎక్కించాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఫార్మాట్ కొట్టలేదు. గొప్పకు చెప్పడం లేదు, బద్ధకం.

ఇప్పుడు పవర్ బటన్ నొక్కి, వెళ్లి స్నానం చేసి వచ్చినా ఐకాన్లు ఇంకా ఒక్కొక్కటే తేలుతుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ 8 శాతం, మెమరీ 80 పైన, డిస్క్ మాత్రం ఎప్పుడు చూసినా 100. మధ్యమధ్య అంతా బిగుసుకుపోతుంది, డబ్బాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు, మళ్లీ కదులుతుంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది కదా. 11కి వెళ్దామని పీసీ హెల్త్ చెక్ నడిపితే టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు) లేదు, ప్రాసెసర్ పనికిరాదు అంటోంది. బోర్డు, ప్రాసెసర్ మార్చేయమని ఒకరు, పెన్ డ్రైవ్‌తో దొడ్డిదారిన వేసేయమని ఇంకొకరు. నా వాడకం తెలుగు టైపింగు, ఎక్సెల్ లెక్కలు, బ్రౌజరు, పాత కాగితాల స్కానింగు. ఆటలు ఆడను. పన్నెండేళ్ల ఫొటోలు, ఫైళ్లు అన్నీ భద్రంగా డీ డ్రైవ్‌లో ఉన్నాయి.

ఇంకో చిన్న విషయం. రాత్రి ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపేస్తే పొద్దున్నకి తేదీ 2012కి వెళ్లిపోతుంది. అప్పుడు ఏ సైటూ తెరుచుకోదు. రోజూ తేదీ సరిచేసి మొదలుపెడుతున్నాను. ఇది కూడా ఓఎస్ పాతబడినందుకేనా?

టర్బో:

ఇందులో అంత ఆలోచించేదేముందండీ. పెన్ డ్రైవ్‌ని ఇన్‌స్టాల్ డిస్క్‌గా మార్చే రూఫస్ అనే ప్రోగ్రామ్ దించుకుని, 8 జీబీ పెన్ డ్రైవ్ పెట్టి, విండోస్ 11 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) ఇవ్వండి. టీపీఎం, సెక్యూర్ బూట్ తనిఖీలు తీసేయమంటారా అని అదే అడుగుతుంది. టిక్కు పెట్టి ఎక్కించేయడమే. నాది మీకంటే పాతది, రెండో తరం. బ్రహ్మాండంగా నడుస్తోంది.

స్క్రూడ్రైవర్:

టర్బో గారు చెప్పింది తప్పు కాదు. కానీ పాతడబ్బా గారూ, మీరు మాత్రం ఆ పని ఇప్పుడే చేయకండి. మీ పోస్టులో నాకు భయం వేసింది టీపీఎం దగ్గర కాదు, ఆ టిక్కు టిక్కు దగ్గర.

ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్ దించుకుని నడపండి. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, పోర్టబుల్ ఉంది. పైన నీలం రంగులో గుడ్ అని వస్తే సరే. పసుపులో కాషన్ అని వస్తే కింద పట్టికలో 05, సీ5 అనే రెండు వరసలు చూసి ఇక్కడ రాయండి. 05 అంటే పాడైపోయి డిస్క్ పక్కన పెట్టేసిన సెక్టార్లు (డేటా దాచే చిన్న చిన్న గదులు). సీ5 అంటే చదవలేక నానా తంటాలు పడుతున్నవి. బిగుసుకుపోవడం, చప్పుడు, మళ్లీ కదలడం... ఒకే సెక్టార్‌ని మళ్లీ మళ్లీ చదవబోయే డిస్క్ అచ్చం అలాగే ప్రవర్తిస్తుంది. దాని మీద విండోస్ అప్‌గ్రేడ్ మొదలుపెడితే పాతదంతా విండోస్.ఓల్డ్‌లోకి తోసి, కొత్తది రాసి, గంటల తరబడి డిస్క్‌ని పిండుతుంది. 60 శాతం దగ్గర ఆగిపోతే అటు పాతదీ ఉండదు, ఇటు కొత్తదీ ఉండదు.

డీ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి అన్నారు. అక్కడ ఒక్క క్షణం ఆగండి. మీకున్నది ఒకటే డిస్క్. సీ, డీ దానికి గీసిన రెండు గళ్లు. ఫార్మాట్ కొట్టేటప్పుడు డీ బతుకుతుంది కాబట్టి చాలామందికి ఈ నమ్మకం. డిస్కే పోతే రెండూ కలిసే పోతాయి.

బోర్డు మార్చడం నాకైతే ఇష్టం లేదు. బోర్డు మారిస్తే ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాలి (డీడీఆర్3 కొత్త బోర్డుల్లో పట్టదు), విండోస్ లైసెన్సు కూడా ఆ బోర్డుకే ముడిపడి ఉంటుంది. అన్నీ మార్చాక మిగిలేది డబ్బా, కేబుళ్లు. మీ పనులకు 3470 ఇప్పటికీ చాలు. టాస్క్ మేనేజర్‌లో మీరే చూశారుగా, సీపీయూ 8 శాతం. అది ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది.

ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పులతో చేసిన డిస్క్) ఒకటి, ర్యామ్ ఇంకొకటి వేయండి. హెచ్61లో సాటా (డిస్క్‌ని బోర్డుకి కలిపే దారి) వేగం 3 గిగాబిట్లే, అంటే సెకనుకు 300 ఎంబీ దాటదు. కొత్త ఎస్ఎస్‌డీలు దానికి రెట్టింపు ఇవ్వగలవు, అయినా బెంగ వద్దు. మీకు తేడా తెలిసేది ఆ అంకెలో కాదు, చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ వెతకడంలో. అక్కడ తిరిగే డిస్క్ ఎస్ఎస్‌డీకి ఏ మూలకూ చాలదు. ర్యామ్ కొనేటప్పుడు ‘ఏఎండీకి మాత్రమే’ అని రాసిన 8 జీబీ స్టిక్కులు ముట్టుకోకండి, ఇంటెల్ బోర్డుల్లో పనిచేయవు. ఉన్నదాన్లాంటిదే ఇంకో 4 జీబీ దొరికితే రెండూ జోడీగా డ్యూయల్ ఛానెల్‌లో (ఒకేసారి రెండు దారుల్లో) నడుస్తాయి.

బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్ ఏముందో చూడండి. ఐడీఈ అనే పాత పద్ధతి ఉంటే ఏహెచ్‌సీఐ అనే కొత్తదానికి మార్చండి, కానీ కొత్త డిస్క్‌లో ఓఎస్ వేసే ముందే. పాత విండోస్ ఉండగా మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది. నేనూ ఓసారి మార్చి, అరగంట సేపు కొత్త ఎస్ఎస్‌డీని తిట్టుకున్నాను పాపం.

తేదీ సంగతికి ఓఎస్‌తో పని లేదు. బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే సీఆర్2032 సెల్లు అయిపోయింది. తేదీ 2012లో ఉంటే సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టనట్టే లెక్క, అందుకే బ్రౌజర్ లోపలికి రానివ్వదు. ప్లగ్గు తీసి, క్లిప్పు పక్కకు నొక్కితే సెల్లు తనే లేస్తుంది. రాత ఉన్న వైపు పైకి పెట్టండి.

పాతడబ్బా:

సెల్లు మార్చాను. ఈ రోజు పొద్దున లేచేసరికి ఈ రోజు తేదీయే ఉంది! మూడేళ్లుగా పడుతున్న తిప్పలు ఇంత చిన్న దానికా.

కానీ మీ భయమే నిజమైంది. పసుపు రంగు, కాషన్. 05 ఎదురుగా రా వేల్యూ అన్నీ సున్నాలే. సీ5 దగ్గర మాత్రం 000000000018. పద్దెనిమిది సెక్టార్లంటే పెద్ద లెక్కేం కాదేమో? క్లోనింగ్ చేసి (డిస్క్‌ని ఉన్నదున్నట్టు నకలు తీసి) మొత్తం ఎస్ఎస్‌డీకి తెచ్చుకుందామని ఉంది.

స్క్రూడ్రైవర్:

ఆ అంకె హెక్సాలో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటుందండీ. మన లెక్కలో 24. అంకె పెద్దదా చిన్నదా అని కాదు, రేపటికి పెరిగిందా అన్నది చూడాలి. క్లోనింగ్ వద్దు. చదవలేని సెక్టార్ దగ్గర మామూలు క్లోనింగ్ ప్రోగ్రాములు ఆగిపోతాయి, పైగా 12 ఏళ్ల చెత్త కూడా వెంట వస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ముందు ఫొటోలు, తర్వాత ఫైళ్లు, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ కాపీ చేసుకోండి. ఏదైనా ఫైలు దగ్గర ఆగితే దాన్ని వదిలి ముందుకు వెళ్లండి. అది అయ్యేదాకా డీఫ్రాగ్ గానీ, చెక్‌డిస్క్ గానీ నడపకండి.

ఆ తర్వాత ఎస్ఎస్‌డీలో కొత్తగా విండోస్ 10 వేయండి. కీ అడిగితే లేదని చెప్పండి, నెట్ తగలగానే డిజిటల్ లైసెన్సు తనంతట అదే పట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఈఎస్‌యూలో (మద్దతు ఆగాక ఇచ్చే అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో) చేరే లింకు చూడండి, దానితో 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. 11 కావాలంటే ఆపై టర్బో గారి దారి ఉండనే ఉంది. మూడో తరం ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు రెండూ ఉన్నాయి కాబట్టి వాటిని తప్పనిసరి చేసిన 24హెచ్2 (విండోస్ 11 వెర్షన్) కూడా లేస్తుంది. (కోర్ 2 డుయో వాళ్లకు ఆ తలుపు మూసుకుపోయింది.) కాకపోతే అలా వేసిన సిస్టమ్‌కి ఏటా వచ్చే పెద్ద వెర్షన్ తనంతట రాదు. ప్రతిసారీ పెన్ డ్రైవ్ పట్టుకోవాలి. మీ బద్ధకం గురించి మీరే రాశారు, నేనేమీ అనడం లేదు.

పెంగ్విన్:

నేను అడ్డం వస్తున్నాను, క్షమించాలి. విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓఎస్ లినక్స్ మింట్ 22 పెన్ డ్రైవ్‌లో వేసుకుని, డిస్క్ ముట్టుకోకుండా లైవ్‌లో (పెన్ డ్రైవ్ నుంచే) నడిపి చూడండి. 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి, టీపీఎం ఊసే ఉండదు. అందులో టైపింగుకి వాడే ఐబస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు రెండూ ఉన్నాయి. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకుని ఉంటే మాత్రం అందులో ఎక్సెల్‌కి బదులు ఉండే లిబ్రేఆఫీస్‌లో అన్నీ నడుస్తాయని మాట ఇవ్వలేను. మీ స్కానర్ ఎంత పాతది?

పాతడబ్బా:

స్కానర్ డబ్బా కంటే పాతది. విండోస్ 10కి మారినప్పటి నుంచీ దాని సొంత డ్రైవర్ మొరాయిస్తోంది, ఒక్కో కాగితానికి రెండుసార్లు కేబుల్ పీకి పెట్టాలి.

చేసింది చెబుతాను. ఫొటోలు కాపీ అవడానికి ఒక రాత్రి, ఒక పగలు పట్టింది. ఏడు ఫైళ్లు రాలేదు. ఆరు పనికిరానివే. ఏడోది పాత ఇంటి వరండాలో అమ్మ తీయించుకున్న ఫొటో. ప్రింటు ఆల్బమ్‌లో ఉంది, మళ్లీ స్కాన్ చేయాలి.

ఎస్ఎస్‌డీ బిగించడానికి పాత డబ్బాలో చోటు లేదు, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాను (కదిలే భాగాలు లేవు కదా, పరవాలేదనుకున్నాను). ఇంకో స్టిక్కు వేస్తే ర్యామ్ 8 జీబీ అయింది. విండోస్ 10 వేశాను, 22 సెకన్లలో లేస్తోంది. గడియారం పెట్టుకుని మూడుసార్లు చూశాను.

పెంగ్విన్ గారూ, మీ మాట మీద మింట్ లైవ్‌లో పెట్టి స్కానర్ తగిలిస్తే ఏ డ్రైవరూ వేయకుండానే లైటు వెలిగి కదిలింది. అమ్మ ఫొటో అందులోనే స్కాన్ చేసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో దాచాను. మింట్‌కి ఓ 60 జీబీ విడిగా ఇస్తే రెండూ పక్కపక్కన ఉంటాయా, విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఏ ఓఎస్ కావాలో అడిగే బూట్ మెనూ పోతుందా?