సినిమా చూసి మనిషి మారతాడా? మన నెల్లూరు జిల్లాలోనే రుజువుంది అంటున్నా

కావలి_కుర్రోడు:
నిన్న మా బ్యాచ్‌లో పెద్ద గొడవైంది, తెగలా, అందుకే ఈడ పెడతా ఉండా. మంచి సినిమా మనిషి బతుకుని చూసే చూపు మారుస్తుందా, లేకపోతే హాల్లోంచి బయటికొచ్చి బండి స్టార్ట్ చేసేదాకే ఆ ఊపంతానా? నేనైతే మారుస్తుందంటా. రుద్రవీణ చూడండి, 1988లో బాలచందర్ తీసింది, చిరంజీవి అంత మాస్ ఇమేజ్ పక్కన పెట్టి ఊరోళ్ళ చేత తాగుడు మాన్పించే కుర్రోడిగా చేశాడు, డబ్బులు రాలేదు సరే, జాతీయ సమైక్యత సినిమాకిచ్చే నర్గీస్ దత్ అవార్డు వచ్చింది, మన నెల్లూరు ఎస్పీ బాలుగారికి అందులో పాటకి నేషనల్ అవార్డు వచ్చింది. అది రిలీజైన నాలుగేళ్ళకే మన జిల్లాలో సారా వద్దని ఆడోళ్ళ ఉద్యమం లేచింది. ఊరికే జరిగిందంటారా?

పెన్నొడ్డు_మాస్టారు:
అబ్బయా, ఊరికే జరగలా, నువ్వు చెప్పినట్టూ జరగలా. ఆ రోజుల్లో ఉదయగిరి వైపు రాత్రి బడుల్లో పలక పట్టించినోణ్ణి నేను. 1992లో దూబగుంట అనే ఊళ్ళో ఆడోళ్ళని కదిలించింది సినిమా కాదు, అక్షరాస్యత పుస్తకంలో పాఠం. పగలంతా కూలికి పోయి తెచ్చిన డబ్బులు మొగుడు సారా కొట్లో పోసొస్తాడు, రాత్రి పలక ముందు కూర్చుంటే అదే కథ పుస్తకంలో కనపడుద్ది, తలెత్తి చూస్తే పక్కనామె ఇంట్లోనూ అదే కథ. ఇంగ ఆగుతారా, అందరూ కలిసి కొట్టు కాడికి పోయారు. రోశమ్మ పేరు ఇయ్యాళ అందరికీ తెలుసు, ఆమె ఎంట నడిచినోళ్ళ పేర్లు ఎవురూ రాయలా. తర్వాత దూబగుంట కథే పాఠమై మిగతా ఊళ్ళకి పోయింది, సారా వేలంపాటలు జరగనీకుండా అడ్డం పడ్డారు, 1993 అక్టోబర్ 1 నించి రాష్ట్రమంతా సారా బందు. సినిమా హాల్లో పక్క సీటోడు ఎవురో నీకు తెలవదు, లైట్లు వేస్తే ఎవురి దారి వాళ్ళది. రాత్రి బళ్ళో అట్టా కాదు, రేపు కూడా ఆమె పక్కనే కూర్చోవాల.

గిత్త_బాబు:
మాస్టారూ ఒక్క డౌటు. హీరో సిగరెట్ వెలిగిస్తే కుర్రోళ్ళు చెడిపోతున్నారని మీరే అంటారు, తెర మీద హెచ్చరిక కూడా వేయిస్తున్నారు. చెడు మాత్రం సినిమా నించి అంటుకుంటుంది, మంచి అంటుకోదా? ఇదేం న్యాయం సార్ 😀

పెన్నొడ్డు_మాస్టారు:
చెడు అంటుకోడానికి ఖర్చేముందిరా. సిగరెట్‌కీ, హీరో క్రాఫ్‌కీ చిల్లర డబ్బులు చాలు. మానడానికి మాత్రం రోజూ సాయంత్రం కూర్చునే ఫ్రెండ్స్‌ని వదలాల, పెళ్ళిళ్ళలో మాట పడాల. చూడగానే వచ్చేది అనుకరణ, దాన్ని చూపు మారడం అనబాక.

ఒంగోలు_రంగస్థలం:
నాదింకో మాట. మన ప్రకాశం జిల్లా నించి పోయిన టి. కృష్ణ, మాదాల రంగారావు, వీళ్ళు 80ల్లో తీసిన ఎర్ర సినిమాలు చూసి ఎంతమంది ఊగిపోయారో మా ఊళ్ళో పెద్దోళ్ళనడగండి. కానీ ఒకటి మర్చిపోతా ఉండారు, వాళ్ళు ముందు ప్రజానాట్యమండలి, అదే కమ్యూనిస్టుల నాటకాల, పాటల సంఘం, దాని మనుషులు, ఆ స్టేజీ, ఆ పాటలు, ఆ మీటింగులు ముందు, కెమెరా తర్వాత. జనంలో అప్పటికే ఉన్న కోపాన్ని తెర మీదకి తీసుకుపోయారు, అందుకే ఈలలు పడ్డాయి. లేని కోపాన్ని ఏ డైరెక్టరూ పుట్టించలేడు. కావలి తమ్ముడు బండికి ఎనకపక్క ఎద్దుని కడతా ఉండాడు.

కందుకూరు_పద్మ:
అందరూ ఉద్యమాలు, రాష్ట్రాలు అంటా ఉండారు, ఒక్క మనిషి సంగతి ఎవురూ మాట్లాడరేంది? నేను రుద్రవీణ టీవీలో చూశా, చాలా ఏళ్ళ తర్వాత. తాగుడు గోల నాకు ఎక్కలా, నిజం చెప్పాలంటే ఆ మార్పు అంతా మరీ సులువుగా అయిపోయినట్టు అనిపించింది. నన్ను పట్టుకున్నది ఆ తండ్రి, జెమినీ గణేశన్ చేసింది. ఊరు ఏమైపోతున్నా నా సంగీతం, నా నిష్ఠ, నా పరువు. మా నాయన అచ్చం అంతే, సంగీతం రాదు గానీ మిగతాదంతా సేమ్. అప్పటిదాకా ఆయన్ని చూస్తే భయం, గౌరవం, రెండూ కలిసిపోయి ఉండేవి. ఆ రోజు నించి భయం పోయింది, గౌరవం ఉంది గానీ ఆయన చెప్పేవాటిలో ఏది ధర్మం, ఏది ఉత్త పంతం అని విడదీసి చూడటం వచ్చింది. నా పెళ్ళి విషయంలో నోరు తెరిచి మాట్లాడగలిగానంటే అందుకే. నేను ఎవురి కొట్టూ మూయించలేదు, మాస్టారి లెక్కలో ఇది మార్పు కిందకి రాదేమో.

పెన్నొడ్డు_మాస్టారు:
వస్తదమ్మా, రాదని ఎవురన్నారు. కానీ ఆ సినిమా చూసిన మిగతా ఆడపిల్లలంతా వాళ్ళ నాయన ముందు నోరు తెరిచారా? నీలో అది ముందే ఉండాది. సినిమా సాకు.

కందుకూరు_పద్మ:
అట్టయితే మీ పాఠమూ సాకే మాస్టారూ. ఆ పుస్తకం చదివిన ఊళ్ళన్నీ దూబగుంటలు కాలేదుగా.

గిత్త_బాబు:
అక్కా 🔥🔥

కావలి_కుర్రోడు:
నేనూ ఒకటి అడుగుతా. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు, 97లో ఎత్తేశారు, ఇప్పుడు ప్రతి ఊళ్ళో బ్రాందీ షాపు. అంటే ఉద్యమం కూడా ఫ్లాపేనా? సినిమాకొక కొలత, ఉద్యమానికొక కొలతా?

పెన్నొడ్డు_మాస్టారు:
ఫ్లాపు కాదు. సారా నిషేధం నిషేధంగానే ఉండిపోయింది, సారా వేలంపాటలు మళ్ళీ పెట్టలా. బ్రాందీ షాపులు తెరిచింది సర్కారు, అది ఖజానా గొడవ. ఆడోళ్ళ మనసు మారిందా లేదా అన్నది వేరే.

కావలి_కుర్రోడు:
నేననేదీ అదే కదా మాస్టారూ. రుద్రవీణ ఆడకపోవడం కలెక్షన్ల గొడవ. చూసినోళ్ళ మనసు వేరే.